కోల్ట్ 1903 పాకెట్ పిస్టల్: అనుకున్న విలువకూ వచ్చే బేరానికీ పొంతన కుదరనప్పుడు

సమస్య: అమెరికాలో వారసత్వంగానో పాత సామాను అమ్మకంలోనో .32 కాలిబర్ కోల్ట్ 1903 పాకెట్ హామర్‌లెస్ (సుత్తి బయటికి కనిపించని జేబు పిస్టల్) చేతికి వస్తుంది. వేలం సైట్లలో అలాంటి పిస్టల్‌కు పెట్టిన ధర చూసి యజమాని ఒక అంకె మనసులో ఖాయం చేసుకుంటాడు. తీరా డీలరు అందులో సగం కూడా ఇవ్వనంటాడు.

ముందుగా చూడవలసినది: డీలరును తిట్టుకోవడానికి ముందు, మీరు చూసినది అమ్మకందారు అడుగుతున్న ధరా, వేలం ముగిశాక నిజంగా పలికిన ధరా అన్నది తేల్చుకోవాలి. ఇంత తేలికైన పనిని దాదాపు అందరూ వదిలేస్తారు. ఆ తరువాత ఫ్రేముపై (పిస్టల్ ప్రధాన చట్రంపై) ఉన్న సీరియల్ నంబరుతో తయారీ సంవత్సరం చూసుకోవాలి. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ పిస్టల్‌ను హార్ట్‌ఫర్డ్‌లోని కోల్ట్ కర్మాగారం 1903 నుంచి రెండో ప్రపంచ యుద్ధం ముగిసే దాకా ఐదు లక్షలకు పైగా తయారు చేసింది కనుక, పాతది కావడం ఒక్కటే దీనికి విలువ తెచ్చిపెట్టదు. 4 అంగుళాల బ్యారెల్, దాని ముందు విడి బుషింగు (బ్యారెల్ కొనను పట్టి ఉంచే కట్టు) ఉన్న తొలి రకానికి, 3.75 అంగుళాల బ్యారెల్ ఉన్న తరువాతి రకాలకు ధరలు వేరు. మీ రకంతోనే పోల్చాలి.

అసలు కారణం: ఇవన్నీ సరిపోయినా బేరం సగం ధర దగ్గరే ఆగిందంటే, ఆ పిస్టల్‌కు ఎవరో ఎప్పుడో మళ్లీ బ్లూయింగ్ (ఉక్కు తుప్పు పట్టకుండా రసాయనంతో తెచ్చే నీలి నలుపు మెరుగు) చేయించి ఉంటారని మొదట అనుమానించాలి. సేకర్తలు డబ్బు పెట్టేది కర్మాగారంలో వేసిన మెరుగు ఎంత శాతం మిగిలిందన్నదానికే. అలా రీబ్లూ చేసినది ఎంత నల్లగా నిగనిగలాడినా, అరిగిన అసలు మెరుగు ఉన్న పిస్టల్ కన్నా తక్కువకే పోతుంది. మోసపోయేది కూడా ఇక్కడే, ఎందుకంటే కొత్తవారి కంటికి రీబ్లూ చేసినదే బాగున్నట్టు కనిపిస్తుంది.

స్లైడును (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ కదిలే భాగాన్ని) కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టుకుని చూడండి. కొత్తగా బ్లూయింగ్ వేయాలంటే ముందు పాత తుప్పును సానపట్టి తీయాలి; ఆ సానే సాక్ష్యం మిగులుస్తుంది. కంపెనీ పేరు, పేటెంటు తేదీలు ఉన్న అక్షరాల అంచులు మొద్దుబారి, కొన్నిచోట్ల లోతు తగ్గి ఉంటాయి. ముందు కాళ్లు ఎత్తిన కోల్ట్ గుర్రం బొమ్మలో గీతలు చెరిగి ఉంటాయి. పిన్నుల రంధ్రాల చుట్టూ లోహం సన్నగా గుంట పడుతుంది, చదునుగా ఉండవలసిన పక్కభాగాలు అలలు తిరిగినట్టు కనిపిస్తాయి. తుప్పు గుంటల అడుగున కూడా నల్లని మెరుగు ఉంటే ఇక సందేహం అక్కరలేదు: తుప్పు ముందు, మెరుగు తరువాత. అసలు మెరుగు ఉన్నదైతే బ్యారెల్ కొన దగ్గర, చేయి పట్టే ముందుభాగంలో పలచబడి, గ్రిప్పుల (పిడికి రెండు పక్కలా బిగించే పలకల) కింద మాత్రం నిండుగా మిగిలి ఉంటుంది.

పరిష్కారం: గాడికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవరుతో గ్రిప్పులు తీసి, కింది రంగును బయటి రంగుతో పోల్చండి, స్క్రూ తల చెడితే అది మరో తగ్గింపు. అప్పటికీ తేలకపోతే, కోల్ట్ ఆర్కైవ్ (కంపెనీ పాత రికార్డుల విభాగం) నుంచి సీరియల్ నంబరుకు లేఖ తెప్పించుకోండి. పిస్టల్ కర్మాగారం నుంచి బ్లూ మెరుగుతో వెళ్లిందని లేఖ చెబుతుండగా మీ చేతిలోది నికెల్ అయితే, మెరుగు తరువాత మార్చారనడానికి వేరే రుజువు వెతకనక్కరలేదు. రీబ్లూ అని తేలాక, రీబ్లూగానే అమ్ముడైన వాటితో పోల్చి విలువ కట్టాలి. అమ్మకానికి ముందు మెరిపించాలని ఉక్కు పీచు పట్టుకోవడం మాత్రం ఎవరూ చేయకూడని పని.

కోల్ట్ గుర్తు లేని మారు మ్యాగజైను ఉంటే కొంత తగ్గుతుంది, అసలు పెట్టె ఉంటే పెరుగుతుంది. భారత్‌లో వినిపించే పాత విదేశీ .32 పిస్టళ్ల ధరలు దిగుమతి ఆంక్షల వల్ల ఏర్పడినవి కనుక ఈ లెక్కలోకి తేవద్దు. ఇక సైన్యాధికారికి ఇచ్చిన పిస్టల్ అనీ, కర్మాగారంలో చెక్కిన నగిషీ అనీ చెప్పేవాటిలో నిజమైనవి చాలా అరుదు. పత్రం చూపించలేకపోతే ఆ మాటకు ఒక్క డాలరు కూడా కలపనక్కరలేదు.