పైడ్ పైపర్ కావ్యాన్ని పిల్లలకు చదివి వినిపించడం ఎలా?

ఎలుకలతో వేగలేని హామెలిన్ ఊరు, వాటిని తీసుకుపోయిన పిల్లనగ్రోవి వాడు (పైపర్), అతనికిచ్చిన మాట తప్పిన మేయరు. ఈ జర్మన్ కథ మనలో చాలామందికి స్కూలు పాఠంగానే తెలుసు. కింద ఇచ్చిన ప్రశ్నలకు జవాబులు రాసి అక్కడితో వదిలేశాం. దీన్ని కావ్యంగా రాసింది ఇంగ్లిష్ కవి రాబర్ట్ బ్రౌనింగ్. 1842లో అచ్చయింది. జబ్బుపడిన విల్లీ అనే పిల్లవాడు బొమ్మలు గీసుకోవడానికని రాసిచ్చాడు. ఆ పిల్లవాడి తండ్రి మెక్రెడీ అప్పట్లో పేరున్న రంగస్థల నటుడు. ఒక పిల్లవాడి కోసం పుట్టిన కావ్యం కదా, పైకి చదివితేనే దీని రుచి తెలుస్తుంది. ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలుంటే రెండు రాత్రులు చాలు.

ముందు మీరు ఒక్కరే చదువుకోండి

మొత్తం 15 భాగాలు, సుమారు 300 పంక్తులు. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పెన్సిల్‌తో మూడు చోట్ల గుర్తు పెట్టుకోండి. పైపర్ అడిగింది వెయ్యి గిల్డర్లు. "వెయ్యేమిటి, యాభై వేలు!" అంటారు మేయరూ నగరసభ సభ్యులూ. పని అయిపోయాక "యాభై తీసుకో" అంటారు. కథ ముడి అంతా ఈ మూడు అంకెల్లోనే ఉంది. గిల్డర్ అంటే అక్కడి పాత నాణెం అని ముందే చెప్పేస్తే మధ్యలో ఆగక్కర్లేదు.

మొదటి రాత్రి: ఎలుకలు

ఇంగ్లిష్‌లో నాలుగు పంక్తులు చదివి ఆ దరువు వినిపించండి. తర్వాత తెలుగులో మీ మాటల్లో చెప్పండి. మాటకు మాట అనువదించకండి, నడక చచ్చిపోతుంది. ఎలుకలు ఇళ్లలోంచి బయటికొచ్చే చోట కవి పెద్ద జాబితా ఇస్తాడు. మీరూ ఒకటి అల్లుకోండి: బక్కెలుకలు, బొద్దెలుకలు, నల్లెలుకలు, బూడిదెలుకలు, తాతలు, బామ్మలు, పిన్నులు, బాబాయిలు... నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచుతూ పోవాలి. ఊపిరి అందకపోతే పిల్లలే అందుకుంటారు.

పిల్లనగ్రోవి అనగానే మన పిల్లల కళ్లముందు కృష్ణుడు నిలబడతాడు. ఇతను వేరు. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. సూదుల్లాంటి నీలికళ్లు. సగం ఎరుపు, సగం పసుపు ఉన్న పొడవాటి అంగీ. అతని వేళ్లు ఎప్పుడెప్పుడు వాయిద్దామా అన్నట్టు కదులుతూనే ఉంటాయి. ఈ బొమ్మ మనసులో పడేదాకా తొందరపడకండి.

తన గొప్ప చెప్పుకుంటూ అతను ఆసియాలో నిజాంకు రక్తం పీల్చే గబ్బిలాల పీడ వదిలించానంటాడు. మన నిజాం పేరు అక్కడ వినపడగానే పిల్లలు లేచి కూర్చుంటారు. కావ్యంలో కథ జరిగేది 1376లో, హైదరాబాద్ నిజాంల పాలన మొదలైంది 1724లో. కాస్త పెద్ద పిల్లలైతే ఈ తేడా వాళ్లనే పట్టుకోమనండి.

మాట తప్పే చోట

అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. మేయరు గొంతును విలన్ గొంతులా పెట్టకండి. అతను పైపర్‌ను "మిత్రమా" అంటాడు, తాగడానికి ఏదైనా ఇప్పిస్తానంటాడు, డబ్బు సంగతి వేళాకోళానికి అన్నాం కదా అంటాడు. నవ్వుతూ, తియ్యగా చదవండి. మాట తప్పేవాళ్లు చాలాసార్లు అలాగే మాట్లాడతారు, పిల్లలు ఆ గొంతును గుర్తుపట్టాలి. ఆ డబ్బులో సగంతో తమ అతిపెద్ద వైన్ పీపా నింపుకోవచ్చని సభ్యుల లెక్క. ఎలుకలు నదిలో మునిగిపోయాయి, చచ్చినవి తిరిగి రావు కదా అనేది మేయరు ధైర్యం. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే.

"యాభై తీసుకో" దగ్గర పుస్తకం మూసేయండి. పైపర్ ఏం చేస్తాడో రాత్రంతా ఆలోచించుకోనివ్వండి.

రెండో రాత్రి: పిల్లలు

పైపర్ మళ్లీ మూడు స్వరాలు ఊదుతాడు, ఈసారి ఊళ్లో పిల్లలంతా అతని వెంట కొండలోకి వెళ్లిపోతారు. మొదటిసారి అవి చెవిలో గుచ్చుకునేలా ఉంటాయి, ఈసారి మెత్తగా, తియ్యగా. మీ గొంతులో ఆ తేడా రావాలి. చెక్కబూట్ల చప్పుడు, చప్పట్లు, కేరింతలు వేగంగా చదివి, కొండలో తలుపు తెరుచుకునే చోట ఆగిపోండి.

తర్వాత కాలు సరిగా లేక వెనకబడిన అబ్బాయి మాటలు. నాకు కావ్యం మొత్తంలో ఇదే ప్రాణం. ఆ పాట తనకో దేశం చూపిస్తానందని, అక్కడ తేనెటీగలకు కొండీలు ఉండవని, గుర్రాలు గద్ద రెక్కలతో పుడతాయని, తన కాలు కూడా బాగవుతుందని చెప్తాడు. అంతలో పాట ఆగిపోయింది. కొండ బయట ఒక్కడే మిగిలాడు. మేయరు తప్పిన మాటకు మూల్యం చెల్లించింది ఈ పిల్లవాడు. ఆ సంగతి మీరు విప్పి చెప్పకండి. గొంతు తగ్గించి చదివి, కాసేపు ఊరుకోండి.

"వాళ్లు ఏమయ్యారు?"

తప్పకుండా అడుగుతారు. భయపడిన పిల్లలకు కావ్యంలోని ట్రాన్సిల్వేనియా (ఇప్పటి రొమేనియాలోని ప్రాంతం) భాగం చదవండి. అక్కడ వింత బట్టలు కట్టే జనం ఉన్నారని, వాళ్ల పూర్వీకులు భూమి లోపలినుంచి బయటికొచ్చినవాళ్లని కవి అంటాడు. ఎక్కడో బతికే ఉన్నారన్న ఊరట దొరుకుతుంది.

పెద్దపిల్లలకు అసలు ఊరి సంగతి చెప్పొచ్చు. హామెల్న్ (కావ్యంలో హామెలిన్) ఇప్పటికీ జర్మనీలో వేజర్ నది ఒడ్డున ఉంది. 1284 జూన్ 26న 130 మంది పిల్లలు ఊరు విడిచిపోయారని అక్కడి పాత కథనం. 15వ శతాబ్దపు రాతప్రతిలో పిల్లల ప్రస్తావన ఉంది గానీ ఎలుకలు లేవు. అవి 16వ శతాబ్దంలో వచ్చి చేరాయి. పిల్లలు నడిచిపోయారని చెప్పే వీధిలో ఈనాటికీ సంగీతం వాయించకూడదనేది ఆచారం.

చివరి భాగం

ఇచ్చిన మాట నిలబెట్టుకుందామని విల్లీని పేరుపెట్టి పిలిచి కవి ముగిస్తాడు. అక్కడ విల్లీ పేరు తీసేసి మీ పిల్లల పేరు పెట్టి చదవండి. వెంటనే వాళ్లు, మీరు వాయిదా వేస్తూ వచ్చినదేదో గుర్తుచేస్తారు, జూపార్కో, సైకిలో. పుస్తకం పక్కన పెట్టేలోపే ఏ రోజు, ఎన్ని గంటలకు అనేది చెప్పేయండి.