మామూలు స్విచ్ తీసి డిమ్మర్ పెట్టాలంటే

డిమ్మర్ అంటే వెలుగును తగ్గించి పెంచే నాబున్న స్విచ్. స్క్రూడ్రైవర్ తీసే ముందు బల్బు మీద ఏం రాసుందో చదవండి. ‘డిమ్మబుల్’ అని లేని ఎల్‌ఈడీ బల్బుకు డిమ్మర్ పెడితే అది మిణుకుమంటుంది, గుయ్యిమంటుంది, కొన్నాళ్లకు లోపలి డ్రైవర్ (ఎల్‌ఈడీకి కరెంటు సరిచేసి ఇచ్చే సర్క్యూట్) పోయినా పోతుంది. డిమ్మర్ బిగించాక వచ్చే తలనొప్పుల్లో చాలావాటికి వైరింగ్ తప్పు కాదు, ఈ జోడీ కుదరకపోవడమే కారణం.

50 హెర్ట్జ్ కరెంటులో సెకనుకు 100 అర్ధ తరంగాలుంటాయి. డిమ్మర్ ఒక్కోదాంట్లో కొంత ముక్క కోసేస్తుంది. ముందు భాగం కోసేది లీడింగ్ ఎడ్జ్. ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌తో నడిచే ఈ పాత రకం ఫిలమెంట్ బల్బులకు చక్కగా సరిపోతుంది. వెనక భాగం కోసేది ట్రెయిలింగ్ ఎడ్జ్. ఎల్‌ఈడీలకు సాధారణంగా ఇదే నయం.

తర్వాత లోడు, అంటే డిమ్మర్ మీద పడే బల్బుల మొత్తం వాట్లు. డిమ్మర్ మీద పెద్దక్షరాల్లో కనిపించే 400 వాట్లు తరచూ ఫిలమెంట్ బల్బుల లెక్కే. ఎల్‌ఈడీకి విడిగా ఇచ్చే అంకె బాగా తక్కువ, దాన్నే నమ్మాలి. కనీస లోడు కూడా చూడండి. 40 వాట్లు అడిగే డిమ్మర్‌కు ఒకే ఒక్క 9 వాట్ల బల్బు తగిలిస్తే ట్రయాక్ నిలకడగా పనిచేయక వెలుగు వణుకుతుంది. ఫ్యాన్లకు, ప్లగ్ సాకెట్లకు, చోక్ ఉన్న ట్యూబ్‌లైట్లకు లైటు డిమ్మర్ వాడకూడదు.

ఇక పని. ఆ లైటు వెలిగించి, ఎంసీబీ (ఆ సర్క్యూట్ కరెంటు ఆపే చిన్న బ్రేకర్) దించండి; ఆరితే సరైన ఎంసీబీయే. అయినా అదే బోర్డులోకి వేరే సర్క్యూట్ వైరు కూడా వచ్చి ఉండొచ్చు, కాబట్టి మెయిన్ దించడం మేలు. ప్లేటు విప్పాక ప్రతి టెర్మినల్‌నీ మల్టీమీటర్‌తో, ఏసీ రేంజిలో, ఎర్త్‌కు పెట్టి చూడండి. కరెంటున్న చోట మీటర్ పనిచేస్తోందని ముందూ తర్వాతా సరిచూసుకోవాలి. నియాన్ టెస్టర్ వెలగలేదని ధైర్యం చేయొద్దు.

వైర్లు ఊడదీసే ముందు ఫోటో తీసుకోండి. మనవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే: బోర్డులో ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) ఒక స్విచ్ నుంచి ఇంకోదానికి లూప్‌గా వెళ్తుంది. అందుకే ఒక టెర్మినల్‌లో రెండు వైర్లు కనిపిస్తాయి. అందులో ఒకటి వదిలేస్తే పక్క స్విచ్‌లన్నీ పోతాయి. ఆ రెండూ కలిపే డిమ్మర్ ఫేజ్ టెర్మినల్‌లోకి వెళ్లాలి. పట్టకపోతే కనెక్టర్‌లో కలిపి, దాన్నుంచి డిమ్మర్‌కు ఒక చిన్న వైరు తీయండి. బల్బుకు వెళ్లే వైరు లోడ్ టెర్మినల్‌కు. రెండు టెర్మినళ్ల డిమ్మర్‌కు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) అక్కర్లేదు, పొరపాటున కలిపితే షార్ట్ అవుతుంది. రంగును బట్టి ఏ వైరూ తేల్చేయకండి. మెట్ల దగ్గరలా రెండు చోట్ల నుంచి వెలిగే లైటైతే టూ‑వే డిమ్మర్ కావాలి, అదీ ఒక్క చోటే. పాత స్విచ్‌లో కామన్ టెర్మినల్ (మిగతా రెంటికీ ఉమ్మడిది) వైరు ఏదో గుర్తు పెట్టుకోండి.

ఇన్సులేషన్ 8 నుంచి 10 మిల్లీమీటర్లు తీసి, పోగులు మెలిపెట్టి, స్క్రూ బిగించి, వైరు లాగి చూడండి. కదిలిందంటే రేపు అక్కడే మాడుతుంది. డిమ్మర్ స్విచ్ కంటే లావుగా ఉంటుంది, బాక్సులో వైర్లను కుక్కకుండా మడిచి సర్దాలి. బాక్సు ఇరుకైతే, లేదా వైరు అల్యూమినియందైతే ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి.

కరెంటిచ్చాక నాబ్ బాగా తగ్గించినప్పుడు మిణుకుమంటే, డిమ్మర్ మీద చిన్న కనీస వెలుగు స్క్రూ ఉంటే కొద్దిగా పైకి తిప్పండి. ఇన్వర్టర్ మీదున్నప్పుడే గుయ్యిమంటే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయ్యుండొచ్చు. దాని తరంగం డిమ్మర్‌కు పడదు. ఆపేశాక కూడా ఎల్‌ఈడీ సన్నగా వెలుగుతుంటే డిమ్మర్ నుంచి కొద్దిపాటి కరెంటు కారుతోందన్నమాట. కొన్ని డిమ్మర్లలో ఆఫ్ అంటే పూర్తిగా తెగినట్టు కాదు, అందుకే బల్బు మార్చేటప్పుడు ఎంసీబీ దించాలి. ప్లేటు గోరువెచ్చగా ఉండటం మామూలే. చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే వెంటనే ఆపి, బల్బుల వాట్లన్నీ కలిపి మళ్లీ లెక్కేయండి.