కొమ్ము కళ్లజోడు ఫ్రేమ్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందు

ఒడిశాలోని పర్లాకిమిడిలో కొమ్ముతో పిట్టలు, దువ్వెనలు చెక్కేవాళ్లని అడగండి, దానికి ఎండా నీరూ పడవంటారు. ఖరీదైన కళ్లజోళ్లు కొన్నింటికి వాడేదీ గేదె కొమ్మే. రోజంతా ఎండలో తిరిగేవాళ్లకి టైటానియం మేలు.

☐ కంటి పరీక్ష కొత్తగా చేయించుకోండి. పాత చీటీ వద్దు.

☐ ప్రోగ్రెసివ్ అద్దాలైతే (దూరం, దగ్గర రెండూ ఒకే అద్దంలో కనిపించేవి), ఫ్రేమ్ మొహానికి పెట్టాకే కనుపాప ఎదురుగా డమ్మీ అద్దం మీద పెన్నుతో చుక్క పెట్టించండి. ఆ చుక్క 2, 3 మిల్లీమీటర్లు పైకి పోయినా మెట్లు దిగేటప్పుడు అడుగు మసకగా కనిపిస్తుంది. లక్ష పోసినా అంతే.

☐ ముక్కు మీద జారినా, చెవి వెనక నొక్కినా సరిచేయించడానికి విశాఖ రైలెక్కాలా, బరంపురంలోనే అవుతుందా? నాకైతే ఇదే అసలు ప్రశ్న.

☐ పవర్ ఎక్కువా? ముందు పల్చటి అద్దాలకి (1.67 ఇండెక్స్‌వి, ఈ అంకె పెరిగేకొద్దీ అద్దం పల్చన) డబ్బు పక్కన పెట్టండి. మిగిలిందే ఫ్రేమ్‌కి.