పిల్లి చెవిలో మైట్స్: మందు వేసే ముందు జాగ్రత్తలు

చెవిలో కాఫీ పొడిలాంటి నల్లటి మురికి కనిపించగానే మైట్స్ (చెవిలో చేరే చిన్న పురుగులు) అనుకుని మందు కొనేయకండి. ఫంగస్ వచ్చినా దాదాపు ఇలాగే ఉంటుంది. కర్ణభేరికి చిల్లు లేదని ముందు పశువుల డాక్టరు చూసి చెప్పాలి. తల ఒక పక్కకు వాల్చి నడుస్తుంటే ఇంటి వైద్యం మాటే వద్దు.

– కుక్కల మందు వద్దే వద్దు. అందులో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే పిల్లి ప్రాణానికే ముప్పు. టీ ట్రీ ఆయిల్ కూడా విషమే, 'నేచురల్' అని ఎవరెంత చెప్పినా.
– ఇయర్ బడ్స్ లోపలికి పెట్టొద్దు. దూదితో కనిపించినంత మేరే తుడవాలి.
– వేసే ముందు మందు సీసాను కాసేపు అరచేతుల్లో పట్టుకోండి. చల్లటి చుక్క పడిందంటే గోళ్లతోనే సమాధానం.
– పిల్లిని చుట్టి పట్టుకోవడానికి పాత తువ్వాలు, తోడుగా ఇంకో మనిషి ఉండాలి.
– ఇంట్లోని మిగతా పిల్లులకూ కుక్కలకూ ఒకేసారి వైద్యం చేయించాలి. గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి సుమారు 3 వారాలు పడుతుంది; దురద తగ్గిందని మధ్యలో ఆపొద్దు.