క్రోషియా అల్లికలో తొలి కుట్లు

విజయవాడలో క్రోషియా అనగానే ఎక్కువమందికి నరసాపురం లేసు గుర్తుకు వస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి డెల్టా పల్లెలకు చేరి, 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ లేసును సన్నని నూలు దారంతో, కొసన కొక్కెం ఉన్న సన్నని స్టీలు సూదితో అల్లుతారు. దాన్ని చూసి ముచ్చటపడి మొదటిరోజే అటువంటి దారం కొనుక్కున్నవారు తరచుగా వారం తిరక్కుండానే సూదిని పక్కన పెట్టేస్తారు, ఎందుకంటే అంత సన్నని దారంలో ఒక కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కొత్తవారి కంటికి ఆనదు. కుట్టును గుర్తుపట్టి లెక్కపెట్టడం వచ్చాకే చేతికి వేగం వస్తుంది కనుక, నేర్చుకునేటప్పుడు కాస్త లావుపాటి దారం, లేతరంగుది, తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

వన్‌టౌన్‌లోనో బీసెంట్ రోడ్డులోనో కుట్టుసామాన్లు అమ్మే దుకాణంలో 4 మిల్లీమీటర్ల సూది, దానికి తగిన నూలు దారం అడగండి. ఊలు పేరుతో దొరికే వాటిలో చాలావరకు యాక్రిలిక్ దారాలే. మన వేసవిలో చెమట పట్టిన వేలిమీద అవి సాఫీగా జారవు; నూలు చెమటను పీల్చుకుంటుంది. నల్లదారం మాత్రం ఇప్పుడే వద్దు.

దారం చివర జారుముడి వేసి, ఆ ఉచ్చును సూదికి తొడగండి. ఉండనుంచి వచ్చే దారాన్ని ఎడమచేతి చూపుడువేలిమీదుగా పోనిచ్చి, మిగతా వేళ్లతో కొద్దిగా బిగించి పట్టుకోండి. ఎడమచేతివాటం వారు ఇదంతా అద్దంలో చూసినట్టు తిప్పి చేసుకోవచ్చు. సూదిమీద దారాన్ని ఒకసారి చుట్టి, కొక్కెంతో ఆ దారాన్ని ఉచ్చులోనుంచి లాగితే ఒక గొలుసు కుట్టు అవుతుంది. లెక్కపెట్టేటప్పుడు సూదిమీద ఉన్న ఉచ్చును గాని, మొదటి ముడిని గాని లెక్కలోకి తీసుకోకూడదు. కొత్తలో అందరూ గొలుసును బిగించేస్తారు. అలా బిగిస్తే తరువాతి వరసలో సూది దూరదు. కుట్లన్నీ ఒకే వదులుతో వచ్చేదాకా గొలుసులే అల్లుతూ, విప్పుతూ రెండు మూడు రోజులు గడిపినా అది వృథా కాదు.

తరువాత సింగిల్ కుట్టు. 16 గొలుసులు వేసి, సూదినుంచి రెండో గొలుసులో సూది గుచ్చి దారం లాగండి. సూదిమీద రెండు ఉచ్చులు ఉంటాయి. మళ్లీ దారం చుట్టి రెండింటిలోనుంచీ ఒకేసారి లాగండి. ఇలా చివరిదాకా వెళితే 15 కుట్లు వస్తాయి. ఒక గొలుసు వేసి, పనిని తిప్పి, మొదటి కుట్టునుంచే రెండో వరస మొదలుపెట్టాలి. ప్రతి కుట్టు తలమీద జడపాయలా కనిపించే రెండు దారాల కిందనుంచీ సూది వెళ్లాలి. ముక్క పోనుపోను సన్నబడుతోందంటే వరస చివరి కుట్టు తప్పిపోతోందని అర్థం. ప్రతి వరసలో మొదటి కుట్టుకు ఒక పిన్నీసు తగిలించి ఉంచితే, తిరిగి వచ్చేటప్పుడు ఎక్కడ ఆగాలో అదే చూపిస్తుంది.

డబుల్ కుట్టు దీనికంటే పొడవైనది. 17 గొలుసులు వేసి, సూదిమీద ముందుగానే దారం చుట్టి, సూదినుంచి నాలుగో గొలుసులో గుచ్చి దారం లాగితే మూడు ఉచ్చులు ఉంటాయి. దారం చుట్టి రెండింటిలోనుంచి, మళ్లీ చుట్టి మిగిలిన రెండింటిలోనుంచి లాగండి. వదిలేసిన మూడు గొలుసులనూ ఒక కుట్టుగా లెక్కిస్తే ఇక్కడా 15 వస్తాయి. తరువాతి వరసకు మూడు గొలుసులు వేసి తిప్పండి; అవే మొదటి కుట్టు కనుక, రెండో కుట్టులో సూది గుచ్చాలి. వరసలో ఆఖరి కుట్టు కిందటి వరస మూడు గొలుసుల తలమీద పడాలి. దీన్ని మరచిపోవడం వల్లే అంచులు వంకర పోతాయి.

ఒక జాగ్రత్త చెప్పాలి. నేను వాడినవి అమెరికా పేర్లు. అమెరికావారి సింగిల్‌ను బ్రిటన్‌లో డబుల్ అని, వారి డబుల్‌ను ట్రెబుల్ అని అంటారు. ఏ నమూనా చూసి అల్లినా ముందుగా అది ఏ పద్ధతిదో తెలుసుకోండి, లేకపోతే మీ చేతిపనిలో తప్పు లేకపోయినా కొలతలు కుదరవు.

మొదటి వస్తువుగా వంటింట్లో వేడిగిన్నె దించుకోవడానికి పనికివచ్చే చదరపు ముక్కను సింగిల్ కుట్టుతో దట్టంగా అల్లండి. 30 గొలుసులతో మొదలుపెట్టి, పొడవు వెడల్పులు సమానమయ్యేదాకా వరసలు పెంచుకుంటూ పోయి, ముక్కను రెండు మడతలుగా వాడుకోవచ్చు. దీనికి నూలు దారమే వాడాలి. యాక్రిలిక్ వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది. అల్లిక పూర్తయ్యాక జానెడు దారం వదిలి కత్తిరించి, ఆ కొసను చివరి ఉచ్చులోనుంచి పూర్తిగా లాగి బిగించండి. పెద్ద కన్నున్న మొద్దు సూదికి కొసను ఎక్కించి, వెనకవైపు కుట్ల మధ్యగా ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు పోనిచ్చాకే మిగిలింది కత్తిరించండి.