కొత్త ఫోన్‌లో ‘అనుమతించు’ నొక్కే ముందు

కొత్త ఫోన్ చేతికొచ్చిన మొదటి గంటలోనే తప్పులన్నీ జరిగిపోతాయి. పాత ఫోన్‌లో ఉన్నవన్నీ ఎప్పుడెప్పుడు ఇందులోకి వస్తాయా అన్న ఆత్రంలో ఉంటాం. తెర మీద ఏ ప్రశ్న వచ్చినా వేలు దానంతటదే ‘అనుమతించు’ మీదికి పోతుంది. కాసేపయ్యాక దేనికి సరేనన్నావని అడిగితే ఒక్కటీ గుర్తుండదు.

మొన్న మా పిన్ని ఫోటోలకు మెరుగులు దిద్దే యాప్ ఒకటి వేసుకుంది. తెరవగానే అది కాంటాక్టులు అడిగింది.

“ఫోటోలు దిద్దేదానికి నీ చుట్టాల నంబర్లెందుకు పిన్నీ?”

“ఏమోరా, వద్దంటే పనిచెయ్యదేమో!”

“వద్దని చూడు, ఏమవుతుందో.”

భయపడుతూనే నొక్కింది. యాప్ శుభ్రంగా తెరుచుకుంది.

మనం సరేననడానికి చాలాసార్లు కారణం ఈ భయమే. అందుకని ముందు వద్దనడమే మంచిది. కావాలంటే తర్వాత ఎప్పుడైనా ఇవ్వొచ్చు. ఇచ్చేశాక మాత్రం, అనుమతి తీసేసినా, అప్పటికే వాళ్ల సర్వర్‌కు చేరిన నంబర్లు వెనక్కి రావు. పైగా అవి మీ ఒక్కరివి కావు, మిమ్మల్ని నమ్మి ఇచ్చినవాళ్లవి. బ్యాంకు పిన్‌ని ఏదో ఒక పేరు పెట్టి కాంటాక్టుల్లో దాచుకునేవాళ్లూ ఉన్నారు. మీరూ అలా దాచుకుని ఉంటే ముందు దాన్ని చెరిపేయండి.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆండ్రాయిడ్ 11 నుంచి, ఒకే అనుమతికి రెండుసార్లు వద్దంటే ఆ ప్రశ్న మళ్లీ రాదు. ఐఫోన్‌లో మామూలుగా ఒక్కసారి వద్దంటే చాలు. తర్వాత కావాలనుకుంటే సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు వెతికి మీరే ఇవ్వాలి. ఇది తెలియక, వీడియో కాల్‌లో కెమెరా రావడం లేదని ఫోన్‌నే తిట్టుకుంటారు.

మరి మన సమాచారాన్ని ఏం చేస్తారో చెప్పే ప్రైవసీ పాలసీ చదవాలా అంటే, నేనూ చదవను. 2008లో అలీసియా మెక్‌డొనాల్డ్, లోరీ క్రేనర్ అనే పరిశోధకులు లెక్కగట్టారు: ఒక మనిషి తాను చూసే సైట్ల పాలసీలన్నీ చదవాలంటే ఏడాదికి 200 గంటల పైమాటే. అది అయ్యే పని కాదు గానీ, ఒక్క ప్రశ్న వేసుకోవచ్చు: ఈ యాప్ చేసే పనికి ఇది అవసరమా? మ్యాప్‌కు లొకేషన్ కావాలి. టార్చికి ఎందుకు?

టార్చి సంగతి ఊరికే ఎత్తలేదు. ‘బ్రైటెస్ట్ ఫ్లాష్‌లైట్’ అనే యాప్ మీద 2013లో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. ఫోన్ ఎక్కడుందో ఆ యాప్ ప్రకటనల కంపెనీలకు చేరవేసేదన్నది అభియోగం. షరతులు ఒప్పుకుంటారా లేదా అని తెర మీద అడుగుతుండగానే, జవాబు నొక్కకముందే, సమాచారం వెళ్లిపోయేదట. అలాంటి యాప్‌ను అసలు వేసుకోకపోవడమే దారి. ఇప్పుడు టార్చి ఎలాగూ ఫోన్‌లోనే ఉంటుంది.

లొకేషన్‌కు అవును, కాదు అన్న రెండే జవాబులు లేవు. ‘యాప్‌ను ఉపయోగిస్తున్నప్పుడు మాత్రమే’ అనేది ఆండ్రాయిడ్‌లో 2019లో వచ్చింది. ‘ఈసారి మాత్రమే’ 2020లో చేరింది. ఆ తర్వాతి ఏడాది ఖచ్చితమైన చోటు బదులు సుమారుగా మాత్రమే చెప్పే వీలొచ్చింది. వర్షం పడుతుందో లేదో చెప్పడానికి మీ గుమ్మం దాకా తెలియాల్సిన పనేముంది? సుమారుగా చెప్తే చాలు. ఫోటోలు అడిగినా అంతే, మొత్తం గ్యాలరీ ఇవ్వకుండా కావలసిన రెండు మూడింటినే ఎంచి ఇవ్వొచ్చు. ఇంకోటి, మీ గ్యాలరీలో ఒక ఫోటో తెరిచి పైకి జరపండి. చాలా ఫోన్లలో అది ఎక్కడ తీశారో మ్యాప్‌తో సహా కనిపిస్తుంది. ఆ ఫోటోను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే ఆ వివరం కూడా వెంట వెళ్లొచ్చు. ఇంట్లో తీసిన ఫోటో అయితే ఇంటి జాడ పంపినట్టే. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేస్తే ఇకముందు తీసేవాటికి ఆ బెడద ఉండదు.

అన్నిటికన్నా భయపడాల్సింది యాక్సెసిబిలిటీ అనుమతికి. చూపు సరిగా లేనివారికి తెర చదివి వినిపించడం లాంటి పనుల కోసం పెట్టింది అది. దాన్ని ఇస్తే, ఆ యాప్ మీ తెర మీద ఉన్నది చదవగలదు, మీ బదులు తనే బటన్లు నొక్కగలదు. బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే దొంగ యాప్‌లు ఎక్కువగా అడిగేది దీన్నే. నోటిఫికేషన్లు చదివే అనుమతి కూడా ఇంచుమించు అలాంటిదే, ఓటీపీలు అక్కడే కనిపిస్తాయి కదా. ఎవరో పంపిన లింకు నుంచి దించుకున్న యాప్ ఈ రెండింట్లో ఏది అడిగినా, అక్కడికక్కడే తీసిపారెయ్యండి. ఎవరైనా ఫోన్‌లో మాట్లాడుతూ ‘ఇది ఆన్ చెయ్యండి, అది నొక్కండి’ అని చెబుతుంటే, ముందు కాల్ కట్ చేసెయ్యండి.

సైట్లు అడిగే కుకీల దగ్గర, అంటే మనల్ని గుర్తుపట్టడానికి అవి మన ఫోన్‌లో దాచే చిన్న ఫైళ్ల దగ్గర, ఎక్కువసేపు ఆలోచించక్కర్లేదు. తిరస్కరించే బటన్ చాలాచోట్ల చిన్నదిగా, వెలిసిన రంగులో ఎక్కడో మూల ఉంటుంది. వెతికి నొక్కండి.

ఇంట్లో పెద్దవాళ్లకు ఫోన్ సెటప్ చేసేటప్పుడు మనమే గబగబా అన్నీ నొక్కేసి ఇచ్చేస్తాం. అలా చెయ్యకండి. ఫోన్ వాళ్ల చేతిలోనే ఉంచి, ప్రశ్న చదివి వినిపించి, వాళ్లనే నొక్కనివ్వండి. ఆలస్యమవుతుంది, విసుగొస్తుంది, నాకూ వచ్చింది. కానీ రేపు ఇంకో యాప్ అడిగినప్పుడు మనం పక్కన ఉండం.

ఓ నెలయ్యాక సెట్టింగ్స్‌లో ప్రైవసీ డ్యాష్‌బోర్డ్ తెరవండి. ఆండ్రాయిడ్ 12 నుంచి ఇది ఉంది. కెమెరా, మైకు, లొకేషన్ ఏ యాప్ ఎప్పుడు వాడుకుందో టైముతో సహా చూపిస్తుంది. మా పిన్నిది అలా తెరిస్తే, తను ఒక్కసారే వాడి వదిలేసిన యాప్ ఒకటి పొద్దున్నే లొకేషన్ చూసినట్టు కనిపించింది. ఆ టైముకి తను ఇంకా నిద్ర లేవనే లేదు. ఈసారి నన్ను అడక్కుండానే తీసేసింది.