మంత్రమూ యంత్రమూ అతకని కథకు మరమ్మతు

మేం నలుగురం రెండేళ్లుగా ఒక సాహస కథ రాస్తున్నాం. అంతా ఈ చెన్నైలోనే, కానీ మూడు కాలాల్లో. 1905లో జార్జ్ టౌన్‌లో పంచాంగం లెక్కలు కట్టే ముత్తాత, 1953లో ఆయన కొడుకూ కోడలూ, ఇప్పుడు తరమణిలో సర్వర్లు చూసుకునే మునిమనవరాలు. ఆదివారం సాయంత్రం టీ నగర్‌లో మా డాబా మీద కూర్చుని ఒకరు రాసింది ఇంకొకరం చదువుతాం. మంత్రం ఉంది, టెక్నాలజీ ఉంది, కాలాల మధ్య రాకపోకలున్నాయి. అయినా చదివినవాళ్లందరూ నాలుగో అధ్యాయం దగ్గర ఆపేశారు. ఎందుకో తెలియడానికి నెలలు పట్టింది, ఎందుకంటే కథ నొప్పి చూపించే చోట అసలు దెబ్బ ఉండదు. ఇలాంటి కథ మొదలుపెట్టి మధ్యలో ఇరుక్కున్నవాళ్ల కోసం, మేం చూసినవీ చేసినవీ రాస్తున్నాను.

సమస్య: "మంత్రం ఉండగా ల్యాప్‌టాప్ ఎందుకు?"

మా మొదటి డ్రాఫ్ట్‌లో ముత్తాత ఒక మాట అంటే తాళం ఊడేది. మునిమనవరాలు కీబోర్డు మీద నాలుగు లైన్లు కొట్టినా అదే తాళం ఊడేది. మాకు రెండూ బాగానే ఉన్నాయి. ప్లస్ టూ చదివే పక్కింటి అబ్బాయి చదివి, "అంకుల్, తాతకి అన్నీ వచ్చు కదా, మరి ఆ అక్క కథలో ఏం చేస్తోంది?" అన్నాడు.

కారణం: రెండూ ఉచితం. మంత్రానికి ఖర్చు లేదు, యంత్రానికీ లేదు. అప్పుడు రెండింట్లో ఒకటి దండగే. ఇక్కడ చాలామంది చేసే పని, "ఈ గదిలో మంత్రం పనిచేయదు" అని ఒక అడ్డం పెట్టడం. మేమూ పెట్టాం. ఒక అడ్డం పెడితే, దాన్ని సమర్థించడానికి ఇంకోటి పెట్టాల్సి వచ్చింది. ఆరో అధ్యాయానికి కథంతా అడ్డాలే మిగిలాయి.

పరిష్కారం: రెండూ ఒకే సంచీలోంచి ఖర్చుపెట్టాలి. మాకు ఆ సంచీ ఈ ఊరి చరిత్రలోనే దొరికింది. నుంగంబాక్కంలో నక్షత్రాలు చూసే మద్రాస్ అబ్జర్వేటరీ చెప్పే మద్రాస్ టైమ్ గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందుండేది. 1906 జనవరి 1 నుంచి దేశానికి 5 గంటల 30 నిమిషాల ప్రామాణిక కాలం వచ్చింది. అంటే మద్రాస్ టైమ్ చూపించే గడియారాన్ని దాదాపు 9 నిమిషాలు ముందుకు తిప్పాలి. ఆ నిమిషాలు గడియారం చూపించకుండానే దాటిపోయాయి. పాత లెక్కలో విఘడియకు 24 సెకన్లు కాబట్టి, అవి ఇంచుమించు 22 విఘడియలు.

మా కథలో మంత్రం పనిచేసేది ఆ 22 విఘడియలతోనే. మునిమనవరాలు సర్వర్ గడియారాన్ని వెనక్కి లాగాలన్నా వాటిలోంచే తీసుకోవాలి. ఆమె 14 వాడేస్తే ముత్తాతకు మిగిలేవి 8. ఈ ఒక్క నిబంధన పెట్టిన వారంలోనే కథ కదిలింది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు పొదుపు చేయడం మొదలుపెట్టారు.

"తాతయ్యా, ఇంకా ఎన్నున్నాయి?"

"మూడు, తల్లీ. రెండు నువ్వు తీసుకో. ఒకటి నాకు ఉంచు."

మీ సంచీలో ఏముండాలో మీ ఇష్టం. నిద్ర కావచ్చు, జ్ఞాపకం కావచ్చు, బావిలో నీళ్లు కావచ్చు. కానీ దానికి అంకె ఉండాలి. "శక్తి తగ్గిపోతోంది" అంటే చదివేవాళ్లకు ఏమీ అనిపించదు, "మూడున్నాయి" అంటే గుండె ఆగుతుంది.

సమస్య: మంత్రం మాన్యువల్‌లా, టెక్నాలజీ మాయలా వినిపిస్తోంది

లక్షణం గుర్తుపట్టడం తేలిక. క్వాంటమ్ యజ్ఞం, నానో తాయెత్తు, ఆత్మ అల్గారిదమ్ లాంటి మాటలు పేజీకి రెండు కనిపిస్తే ఈ జబ్బు ఉన్నట్టే. మా డ్రాఫ్ట్‌లో నేనే పదకొండు లెక్కపెట్టాను.

కారణం: కలపాల్సిన పనిని మాటల మీదకు నెట్టేశాం. రెండు పదాలను పక్కపక్కన కూర్చోబెడితే రెండు లోకాలు కలిసిపోవు. మన దగ్గర పాతకాలపు మనుషులు నిజంగా ఎలా లెక్కకట్టేవాళ్లో తెలియకుండా, ఎక్కడో చూసిన మంత్రగాడిని తెచ్చి పంచె కట్టామంతే.

పరిష్కారం కోసం పంచాంగం వైపు వెళ్లాం. వాక్య పద్ధతిలో చంద్రుడి స్థానాలు 248 చిన్న వాక్యాల్లో ఉంటాయి, రోజుకొకటి. వరరుచి పేరు మీద ప్రసిద్ధం. మొదటిది "గీర్నః శ్రేయః". వినడానికి దీవెనలా ఉంది కదా. ఇప్పుడు ఒక్కో హల్లుకు ఒక అంకె ఇచ్చే కటపయాది లెక్కతో విప్పండి. గ అంటే 3, న అంటే 0, ర అంటే 2, య అంటే 1, జంటాక్షరంలో చివరి హల్లుకే విలువ. 3, 0, 2, 1 వచ్చాయి. వెనక నుంచి చదివితే 12 డిగ్రీల 3 నిమిషాలు. మొదటి రోజు చంద్రుడు నడిచిన దూరం అది. నోటికి వచ్చిన శ్లోకమే ఒక పట్టిక, మనిషి గొంతే దాన్ని దాచుకున్న మెమరీ. ఇది తెలిసిన రాత్రి నేను వేళ్ల మీద ఒక్కో అక్షరం విప్పుకుంటూ చాలాసేపు కూర్చున్నాను. మేం కల్పించాలని కిందా మీదా పడుతున్నది వందల ఏళ్ల కిందటే తయారై ఉంది.

మద్రాస్ అబ్జర్వేటరీని కొన్నేళ్లు చూసుకున్న జాన్ వారెన్ కూడా దీన్ని దగ్గర నుంచి చూశారు. పాండిచ్చేరిలో ఒక పంచాంగకర్త నేల మీద గవ్వలు పేరుస్తూ, కంఠస్థం చేసిన మాటలతోనే 1825 నాటి చంద్రగ్రహణాన్ని లెక్కకట్టాడని రాశారు. గ్రహణం మొదలయ్యే వేళలో వచ్చిన తేడా నాలుగు నిమిషాలు.

ఇక మా ముత్తాత చేతులు గాల్లో ఊపడం మానేశాడు. ముగ్గు పిండితో గీసిన గళ్లలో గవ్వలు జరుపుతాడు. పెదాలు కదులుతుంటాయి, గొంతు బయటకు రాదు. అంచు విరిగిన గవ్వ ఒకటుంది, దాన్ని సున్నాకే వాడతాడు. అటు తరమణిలో మునిమనవరాలి స్క్రీన్ మీద, ఆయన గవ్వ జరిపినప్పుడల్లా లాగ్‌లో ఒక లైన్ పడుతుంది. విరిగిన గవ్వ జరిగితే ఆ లైన్ ఖాళీగా వస్తుంది. మూడు రోజులు ఆమె దాన్ని సాఫ్ట్‌వేర్ బగ్ అనుకుంటుంది. ఇక్కడ మేం ఒక్క చోట కూడా "మాయ" అన్న మాట రాయలేదు. ఆయన కూడా ఆమె స్క్రీన్‌ను చూసి బెదరడు, ఆయనకది ఇంకో గవ్వల పీట.

రెండు లోకాలూ ఒకే మనిషిలో ఇమడవని అనుమానం ఉంటే చింతామణి రఘునాథాచారి గారిని చూడండి. మద్రాస్ అబ్జర్వేటరీలో టెలిస్కోపు దగ్గర పనిచేస్తూ 1867లో ఆర్ రెటిక్యులై అనే వెలుగు మారే నక్షత్రాన్ని కనిపెట్టారు. ఆకాశంలో కనిపించేదానితో లెక్కలు సరిచూసే దృగ్గణిత పంచాంగం తెచ్చిందీ ఆయనే. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి అబ్జర్వేటరీ అధికారి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం వెళ్లారు, ఈయన వనపర్తి వెళ్లారు, ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో దిగారు. ఆ గ్రహణంలో కనిపించిన పసుపు గీతే తర్వాత హీలియం అని తేలింది. ఊళ్లో టెలిస్కోపులు నిలబెట్టిన ఆ పొద్దున్నే, ఇళ్లలో ఆడవాళ్లు ఆవకాయ జాడీల మీద దర్భలు వేసి ఉంటారు. అలాంటి ఒక పొద్దు రాయండి. పదాలను అతికించే పని ఉండదు.

సమస్య: ఏ కాలంలో ఉన్నామో తెలియడం లేదు

కారణం: అధ్యాయం పైన తారీఖు వేసి ఊరుకున్నాం. తారీఖును ఎవరూ చదవరు.

పరిష్కారం: మొదటి మూడు వాక్యాల్లో కాలం చెప్పే గుర్తులు రెండైనా పెట్టండి. మాకు ఊరి పేరే పెద్ద సాయం. ముత్తాత నోట చెన్నపట్నం, 1953 వాళ్ల నోట మద్రాసు, మునిమనవరాలి నోట చెన్నై. పేరు అధికారికంగా మారింది 1996లో. డబ్బు ఇంకో గుర్తు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు. కరెంటు ట్రామ్ 1895లో మొదలై 1953 ఏప్రిల్ దాకా నడిచింది.

ఈ ట్రామ్ దగ్గరే మేం దెబ్బతిన్నాం. కోడలు 1958లో ట్రామ్ ఎక్కినట్టు రాస్తే, ఎనభై దాటిన ఒక మామ్మగారు విని, "అప్పటికి ట్రామ్ ఎక్కడిది నాయనా, ఆపేసి ఐదేళ్లు" అన్నారు. దృశ్యాన్ని 1953 ఫిబ్రవరికి జరిపాం. జరిపాక ఇంకో లాభం కనిపించింది. త్వరలో ఆగిపోబోయే బండి అది, ఎక్కినవాళ్లకు ఆ సంగతి తెలియదు, చదివేవాళ్లకు తెలుసు.

పరీక్ష కావాలంటే తారీఖులన్నీ కొట్టేసి ఇంట్లో ఎవరికైనా చదవడానికివ్వండి.

సమస్య: ఎవరు చచ్చిపోయినా టెన్షన్ లేదు

ఒక టైమ్‌లైన్‌లో పోయిన మనిషిని ఇంకో టైమ్‌లైన్ నుంచి తెచ్చుకోవచ్చని పాఠకుడు పసిగట్టాడంటే ఇక అంతే.

కారణం: వెనక్కి వెళ్లడం కూడా ఉచితమే. మొదటి సమస్యే ఇంకో వేషంలో వచ్చింది.

పరిష్కారం: కాలం ఒకే దారమా, కొమ్మలుగా చీలుతుందా అన్నది మొదట తేల్చుకోండి. తర్వాత దాటిన ప్రతిసారీ తిరిగి రానిది ఒకటి పోవాలి. మా కథలో కొమ్మ చీలేది 1953లో. ఆ అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, మద్రాసు అందులో లేదు. మద్రాసు తెలుగువాళ్లతోనే ఉండిపోయిన కొమ్మ ఒకటి రాశాం. ఈ ఊళ్లో ఉండే తెలుగువాళ్లం కదా, ఆ అధ్యాయం రాస్తుంటే చెయ్యి ఆగలేదు. కానీ ఆ కొమ్మలో మునిమనవరాలు పుట్టనే లేదు. సొంత వీధిలో నడుస్తుంటే ఆమెను పలకరించేవాళ్లు లేరు. దాటినందుకు కట్టాల్సింది అదే.

ఒక్క సంగతి మాత్రం ఏ కొమ్మలోనూ మార్చలేదు. 1952 డిసెంబర్ 15న పొట్టి శ్రీరాములు గారు ఇదే మద్రాసులో నిరాహారదీక్షలో ప్రాణం విడిచారు. ఆ త్యాగాన్ని కథ కోసం చెరపకూడదని నలుగురం ఒకే మాట మీద నిలబడ్డాం. నిజమైన మనుషుల చావును కథకు అనుకూలంగా తిప్పుకునే ముందు మీరూ ఒకసారి ఆగి ఆలోచించండి.

సమస్య: యంత్రం అట్టబొమ్మలా ఉంది

కారణం: దాని లోపల ఏం జరుగుతుందో మనకే తెలియదు.

పరిష్కారం: ఒక్క యంత్రాన్ని లోపలిదాకా నేర్చుకోండి, చాలు. మేం జీపీఎస్ ఎంచుకున్నాం. ఆ ఉపగ్రహాల మీది గడియారాలు నేల మీద గడియారాల కంటే రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. ఐన్‌స్టీన్ సిద్ధాంతం ప్రకారం వచ్చే ఈ తేడాను సరిచేయకపోతే రోజుకు 10 కిలోమీటర్ల దాకా తప్పు పేరుకుంటుంది. ముత్తాత ఒక విఘడియ ఖర్చుపెట్టిన రోజు ఆ సరిచేత తప్పిపోతుంది. మునిమనవరాలు నుంగంబాక్కంలో నిలబడి ఉంటే ఫోన్ ఆమెను మెరీనా అవతల సముద్రంలో చూపిస్తుంది. మంత్రం పనిచేసిందని ఆమెకు తెలిసేది అలాగే.

సమస్య: మొదటి అధ్యాయమంతా వివరణే

నిబంధన అవసరం పడే చోటుకు ముందు దాని గురించి చెప్పకండి. మా 22 విఘడియల లెక్క ఐదో అధ్యాయంలో, అవి తగ్గినప్పుడే వస్తుంది.

సమస్య: చివర్లో కాలాలు కలిశాయి, ఎవరికీ ఏమీ అనిపించలేదు

మా మొదటి ముగింపులో మెరుపులు, సుడిగాలి, బద్దలైన సర్వర్లు, ఆకాశంలో తెరుచుకున్న ద్వారం ఉన్నాయి. చదివిన నలుగురిలో ఒకరు ఆవలించారు.

కారణం: మూడు కాలాలవాళ్లూ చేత్తో తాకిన వస్తువు కథలో ఒక్కటీ లేదు.

పరిష్కారం: అలాంటి వస్తువును మొదటి అధ్యాయంలోనే, మామూలుగా కనిపించేలా పెట్టండి. మాది ఒక రాయి. నుంగంబాక్కం కాలేజీ రోడ్డులో వాతావరణ కేంద్రం ఆవరణలో, 1792 నాటి అబ్జర్వేటరీ గ్రానైట్ స్తంభం ఉంది. నక్షత్రాలు చూసే పరికరాన్ని మోయడానికి నిలబెట్టిన 10 టన్నుల రాయి. వెయ్యేళ్ల తర్వాత వచ్చేవాళ్లకు తెలియాలని దాని మీద లాటిన్, తమిళం, హిందుస్తానీతో పాటు తెలుగులోనూ చెక్కించారు. ముత్తాత 1905లో గడియారం సరిచూసుకోవడానికి అక్కడికే వెళ్తాడు. కొడుకు 1953లో చివరిసారి తండ్రిని తలుచుకుని దాన్ని తాకుతాడు. ఇవన్నీ ముందే చూశాం కాబట్టి చివర్లో చెప్పాల్సింది కొంచెమే.

ఇప్పుడు సంచీలో ఒక్క విఘడియ ఉంది, 24 సెకన్లు. మునిమనవరాలు అరచేతిని ఆ తెలుగు అక్షరాల మీద ఆనిస్తుంది. రాయి పొద్దుటి చల్లదనంతో ఉంది. అది ఆమె చేతి కింద మెల్లగా వెచ్చబడుతుంది, అవతలి వైపు ఇంకో అరచెయ్యి ఆనినట్టు. ఆమె "తాతయ్యా" అంటుంది. మెరుపులు తీసేశాం. ఆ 24 సెకన్లూ ఆయన మాట్లాడడు, గవ్వలు లెక్కపెట్టేటప్పటిలాగే పెదాలు కదుపుతాడు.